గరిటెల డబ్బాలో పళ్ళ చక్రం

మా ఆయనకు వంట రాదు. రాదంటే మామూలుగా రాకపోవడం కాదు. "పాలు పొయ్యి మీద పెట్టాను, కాస్త చూస్తూ ఉండండి" అని చెప్పి నేను స్నానానికి వెళ్తే, అవి పొంగి పొయ్యంతా కారిపోయేదాకా పక్కనే నిలబడి చూసిన మనిషి. ఇదేంటండీ అంటే, "చూస్తూ ఉండమన్నావు, చూస్తూనే ఉన్నాను" అన్నారు. అందులో వెటకారం ఏమీ లేదు. ఎంత చెబితే అంత చేసే రకం.

అలాంటి మనిషి ఏడాదికి ఒక్క రోజు మాత్రం నన్ను వంటింట్లోంచి బయటికి పంపేసేవారు. జెండా పండుగకు ముందు రోజు. ఆ రోజు పొయ్యి ఆయనది, గిన్నెలు ఆయనవి, ఫ్రిజ్ ఆయనది. మర్నాడు పొద్దున ఒక స్టీలు ట్రే మీద తడి తువ్వాలు కప్పి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని షెడ్డుకు వెళ్ళేవారు. ఆ ట్రేలో పళ్ళ జెల్లీ. ముక్క కోసి నిలబెడితే పైన ఎరుపు, మధ్యలో తెలుపు, అడుగున ఆకుపచ్చ. కాషాయం బదులు ఎరుపు, నడుమ చక్రం లేకపోవడం తప్ప అచ్చం జెండా.

షెడ్డంటే ఆయన పనిచేసిన కుట్టు షెడ్డు. రేకుల కప్పు, పొడుగాటి గది, రెండు వరసల మిషన్లు. అక్కడ కుట్టేవి జెండాలే. చేతిలో పట్టుకునే చిన్నవాటి నుంచి పెద్ద భవనాల మీద ఎగిరేవాటి దాకా. సాయంత్రం ఊడిస్తే చీపురుకు కాషాయం నూగు ఒకచోట, తెల్లది ఒకచోట, ఆకుపచ్చది ఒకచోట తగిలేదట, ఎందుకంటే ఏ రంగు పట్టీ కుట్టేవాళ్ళు ఆ వైపు కూర్చునేవారు. ఆ మూడు పట్టీలనూ కలిపి కుట్టేది మా ఆయన. ఆయన కుట్టు ఎంత తిన్నగా వచ్చేదంటే షెడ్డులో అందరూ ఆయన్ని స్కేలు అనేవారు. ఇంటికొచ్చి పిలిచేటప్పుడు కూడా "స్కేలు గారున్నారా అమ్మా?" అని గుమ్మంలో నిలబడేవారు. నాకు మొదట్లో నవ్వు వచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

పెళ్ళైన కొత్తలో నేను ఒకసారి, "మూడు పట్టీలు కలపడమే కదా, అందులో పెద్ద పనేముంది?" అన్నాను. ఆయన మర్నాడు షెడ్డు నుంచి చిన్న ముక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఇందులో ముందు ఏది, వెనక ఏది, చెప్పు."

అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఎక్కడా దారం పోగు బయటికి లేదు, అంచు కనబడలేదు. చెప్పలేకపోయాను.

"చొక్కాకి లోపలి వైపు ఉంటుంది. జెండాకి ఉండదు. గాలి ఎటు తిప్పితే అటు అందరూ చూస్తారు" అన్నారు.

ఆయన నాతో మాట్లాడిన పెద్ద మాటల్లో అదొకటి. పెద్ద అంటే పొడుగు అని నా ఉద్దేశం.

అందుకేనేమో ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. జెండా కుట్టడం అయిపోగానే కటింగ్ మాస్టరు గారి ముందు దాన్ని కర్రకు తగిలించి పట్టుకుంటారు. మాస్టరు గారు ముందు వైపు చూసి, "వెనక" అంటారు. తిప్పుతారు. వెనక కూడా బాగుంటేనే మడత పెడతారు. పండుగ రోజు జెల్లీకి కూడా అంతే. మొదటి ముక్క కోసి, అట్లకాడ మీద నిలబెట్టి, మాస్టరు గారు "వెనక" అనాలి, తిప్పి చూడాలి, అప్పుడే మిగతావాళ్ళకు పంచాలి. ఇదంతా నేను విన్నదే. ఆ పొద్దున నేనెప్పుడూ షెడ్డుకు వెళ్ళలేదు. ఆయన తీసుకెళ్ళలేదు, నేను అడగలేదు.

అడగనివి అలా చాలా ఉండిపోయాయి. వంటింటి తలుపు వేసుకుని లోపల ఏం చేసేవారో అడగలేదు. పొద్దున షెడ్డుకు వెళ్ళే ముందు ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి లోపలికి వెళ్ళేవారు. నేను ముందు గదిలో కూర్చుని చప్పుళ్ళు వినేదాన్ని. చెంచా గిన్నెకు తగలడం, ఫ్రిజ్ తలుపు మూసుకోవడం. అప్పుడప్పుడు లోపలి నుంచి ఒక ప్రశ్న వచ్చేది.

"ఏమోయ్, చిన్న గిన్నె ఎక్కడ?"

"మీ ఎదురుగానే."

"నా చక్రం ఏదీ?"

ఈ రెండో ప్రశ్నకు నాకు ఒళ్ళు మండేది. చక్రమంటే జెండా మీది చక్రం కాదు, కుట్టుపని వాళ్ళ దగ్గర ఉండే పళ్ళ చక్రం. చెక్క పిడి, చివర నాణెం కంటే చిన్న చక్రం, దాని చుట్టూ సూదుల్లాంటి పళ్ళు. కాగితం మీద గీత వెంట దొర్లిస్తే కింద గుడ్డ మీద చుక్కలు చుక్కలుగా గుర్తు పడుతుంది. ఇంట్లో మిషను డ్రాయర్లో ఉండాల్సిన వస్తువు అది. ఏటా పండుగ మర్నాడు నాకు గరిటెల డబ్బాలో దొరికేది. ఈయనకు ఎక్కడ పడితే అక్కడ వస్తువులు వదిలేయడం అలవాటు కదా అనుకుని తీసుకెళ్ళి డ్రాయర్లో పడేసేదాన్ని. మళ్ళీ ఏడాదికి "నా చక్రం ఏదీ?"

"మిషను సామాను మిషన్లోనే ఉంటుంది. వంటింట్లో వెతికితే ఎలా?"

జవాబుగా చిన్నగా నవ్వు వినిపించేది. అంతే. నేను కూడా మళ్ళీ ఆలోచించలేదు.

ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, పంపు దగ్గర చెయ్యి కడుక్కుంటూ కడుక్కుంటూ అలాగే కింద కూర్చుండిపోయారు. నేను వెళ్ళేసరికి నీళ్ళు పోతూనే ఉన్నాయి. దాని గురించి ఇంతకంటే రాయను.

మిషను మీద గళ్ళ గుడ్డ కప్పి ఉంచాను. చుట్టూ ఊడ్చేదాన్ని, తుడిచేదాన్ని, గుడ్డ మాత్రం తీసేదాన్ని కాదు.

జెండా పండుగ దగ్గర పడుతుండగా మాస్టరు గారు వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టడానికి చాలాసేపు తీసుకున్నారు.

"అమ్మా, రెండు మాటలు అడుగుదామని వచ్చాను. తప్పుగా అనుకోకు."

"చెప్పండి మాస్టరు గారూ."

"స్కేలు చోట్లో కొత్తగా ఒకతను చేరాడు. చెయ్యి మంచిదే, సామాను లేదు పాపం. ఇంట్లో ఈయన కత్తెర, టేపు, చక్రం అవీ ఊరికే ఉంటే..."

"పండుగ రోజు తెచ్చిస్తాను."

"ఆ, అదే రెండో మాట. పండుగ." ఆయన మెడ వెనక గోక్కున్నారు. "ఈసారి బేకరీలో కేకు చెప్పేద్దామనుకుంటున్నాం. మూడు రంగుల్లో వేసిస్తారట. ఒకసారి మొదలైతే ఇక ఏటా అదే అయిపోతుంది గానీ, ఏం చేస్తాం? ఆయన చేతిది ఇంకెవరికొచ్చు?"

ఆయన మామూలుగానే అన్నారు. నాకే ఎక్కడో తగిలింది. ఆ షెడ్డులో మా ఆయన కుట్టిన జెండాలు అమ్ముడుపోయాయి, ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు, సామాను కూడా నేనే మూటగట్టి ఇవ్వబోతున్నాను. ఇక ఆయనది అంటూ అక్కడ మిగిలింది ఆ జెల్లీ ఒక్కటే. అదీ పోతే ఇక స్కేలు అనే పేరు తలుచుకోవడానికి ఎవరికీ పని ఉండదు.

"కేకు వద్దు. నేను చేస్తాను" అన్నాను.

"నీకు వచ్చా అమ్మా?"

"వస్తుంది."

మాస్టరు గారు వెళ్ళాక మా అమ్మాయి గుమ్మంలోంచి నన్నే చూస్తూ నిలబడింది. అది పరీక్షల ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. నోరు మాత్రం వాళ్ళ నాన్నది రాలేదు.

"వస్తుందా?" అంది.

"నీకెందుకే?"

"ఊరికే అడిగానులే. నువ్వు ఆ జెల్లీ పొడి ముట్టుకోవడం కూడా నేనెప్పుడూ చూళ్ళేదు."

నిజమే. పొడి పొట్లం విప్పి వాసన చూస్తే తడి గోనెసంచి వాసన. చల్లటి నీళ్ళ మీద చల్లితే కాసేపటికి నానిన సగ్గుబియ్యంలా ఉబ్బింది. దాన్ని వేడి నీళ్ళలో కలిపితే కనబడకుండా పోయింది. ఇంత కనబడనిది పళ్ళరసాన్ని గట్టిగా ఎలా పట్టుకుంటుందో అని గరిటె పట్టుకుని అలా చూస్తుండిపోయాను. మా ఆయన వాడే పళ్ళేవో నాకు తెలుసు, తొక్కలు ఎత్తి పారేసింది నేనే కదా. ఆకుపచ్చకు ద్రాక్ష. తెలుపుకు కొబ్బరిపాలు, అందులో అనాస ముక్కలు. ఎరుపుకు పుచ్చకాయ రసం, దానిమ్మ గింజలు. పండుగలోపు ఒకటి రెండు సార్లు చేసి చూసుకుందామని మొదలుపెట్టాను.

ఆకుపచ్చ బాగానే గట్టిపడింది. దాని మీద కొబ్బరిపాలు, అనాస ముక్కలు పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం తీసి చూస్తే పోసింది పోసినట్టే ఉంది. ట్రే కదిపితే అలలు వస్తున్నాయి.

మా ఇంటికి రెండిళ్ళ అవతల గుండీలక్కయ్య ఉంటుంది. షెడ్డులో మొదట్లో చొక్కాలు కూడా కుట్టేవారట, అప్పట్లో ఈవిడ గుండీలు కుట్టేది. గుండీలు పోయాయి, పేరు ఉండిపోయింది. ఇప్పుడు జెండాలకు తాళ్ళు కుడుతుంది. ఎవరింట్లో ఏం ఉడుకుతుందో వాసనను బట్టి చెప్పి, అది ఎందుకు సరిగ్గా ఉడకలేదో కూడా చెప్పే మనిషి.

"పొడి చాల్లేదు చెల్లీ. పిసినారితనం చేశావు" అంది.

మర్నాడు పొడి ఎక్కువ వేశాను. మళ్ళీ నీళ్ళే. ఈసారి ఇంకో విచిత్రం. అడుగున గట్టిగా ఉన్న ఆకుపచ్చ కూడా అనాస ముక్క తగిలిన చోటల్లా గుంటలు పడి కరుగుతోంది.

"ల్యాబులో నాకేమో గడ్డకట్టకూడనిది ట్యూబులోనే గడ్డకడుతుంది. ఇక్కడ గడ్డకట్టాల్సింది కట్టట్లేదు. మనిద్దరం ఉద్యోగాలు మార్చుకుందామా?" అంది మా అమ్మాయి.

"ముందు నువ్వు ఆ పుచ్చకాయ కొయ్యి."

అక్కయ్య గరిటెతో కొంచెం తీసుకుని చప్పరించింది. "పానకంలా బాగానే ఉంది. జెండా కరిగిపోయిందని చెప్పి గ్లాసుల్లో పోసేద్దాం."

ఇద్దరూ నవ్వారు. నేను ఆ ట్రేను సింకులో వంచుతూ, చేతికి అంటిన అనాస రసం వాసన చూసుకున్నాను. పచ్చి పండు వాసన, ముక్కుకు పుల్లగా తగిలింది. అప్పుడు అనిపించింది, ఆ రోజుల్లో మా ఇంట్లో వచ్చే వాసన ఇది కాదు. నేను ముందు గదిలో కూర్చుంటే తలుపు సందులోంచి వచ్చే వాసన వేరు. వెచ్చగా, చిక్కగా, పాకం పట్టినట్టు ఉండేది. పరదాలకు పట్టుకుని మర్నాటిదాకా పోయేది కాదు.

ఆయన అనాసను ఉడికించేవారు.

ముక్కలు కాస్త పంచదారతో ఉడికించి, చల్లారాక వేశాను. వంటింట్లో అదే వాసన. కాసేపు పొయ్యి దగ్గర నుంచి కదల్లేకపోయాను. తెలుపు గట్టిపడింది, అట్లకాడతో తడితే గంభీరంగా ఊగింది.

మా అమ్మాయి ఫోన్లో వెతికి చెప్పింది, పచ్చి అనాసలో ఏదో ఉంటుందట, అది ఈ పొడిని తినేస్తుందట, ఉడికిస్తే ఆ గుణం చచ్చిపోతుందట.

"నాన్నకి ఫోన్లో వెతకడం రాదుగా. మరెలా తెలిసిందంటావ్?"

"ఏమో. మనలాగే సింకులో పారబోసి ఉంటారు."

"ఎప్పుడు? మనం చూళ్ళేదే."

నాకూ అదే అర్థం కాలేదు. ఆయన మొదటిసారి చేసింది ఎప్పుడు, ఎలా పాడుచేశారు, ఎవరిని అడిగారు? ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, తలుపుకు ఇవతల కూర్చుని ఎన్ని వినలేదో.

ఎరుపు కూడా పోశాను. ట్రేలో చూస్తే ముచ్చటగా ఉంది. ముగ్గురం చుట్టూ చేరాం. కత్తితో కోసి, అట్లకాడ కింద పెట్టి లేపాను. ఎరుపు సర్రున జారి బల్ల మీద పడింది. దాని వెనకే తెలుపు. అట్లకాడ మీద ఆకుపచ్చ ఒక్కటీ మిగిలింది, తనకేమీ తెలియనట్టు.

అక్కయ్య చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికి కాదు, ఏదో గుర్తొచ్చి.

"అచ్చం ఇలాగే చెల్లీ! మొదటేడు మీ ఆయన తెచ్చిందీ ఇలాగే జారిపోయింది. నీ పెళ్ళికి ముందు మాట."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మగాడు చెప్పుకుంటాడా? మాస్టరు గారు ముక్క లేపి 'వెనక' అన్నారు. తిప్పేలోపే మూడు రంగులూ మూడు దిక్కులకి పోయాయి. షెడ్డంతా గోల. 'ఏమయ్యా స్కేలూ, కుట్టు వెయ్యడం మర్చిపోయావా?' అని ఒకడు, 'కాజా కూడా నేనే కుట్టాలా?' అని నేను. పాపం, చెవులు ఎర్రబడ్డాయి. ట్రే కడుక్కుని ఇంటికి పోయాడు. మరుసటేడు తెచ్చాడు చూడూ, తలకిందులుగా పట్టుకున్నా విడిపోదు. ఎలా నిలబెట్టావయ్యా అని ఏటా అడుగుతూనే ఉన్నా. 'పొట్లం వెనక రాసుందిగా' అంటాడు."

పొట్లం వెనక నేను చదివాను. నీళ్ళెన్ని, పొడెంత, అంతే రాసి ఉంది. నాకు చదువు తక్కువైనా అంతమాత్రం చదవగలను.

"కింద పొర పూర్తిగా గట్టిపడక ముందే పై పొర పోసెయ్. అంటుకుంటుంది" అంది మా అమ్మాయి. అలాగే పోశాను. అంటుకోవడమేమిటి, కలిసే పోయాయి. ఎరుపు తెలుపులోకి దిగి, తెలుపు ఆకుపచ్చలోకి దిగి, చివరికి ఏ దేశానికీ చెందని రంగు ఒకటి వచ్చింది. అయినా ఆయన అలా చేసి ఉండరని నాకు తెలుసు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. షెడ్డు పని చూసుకుంటూ మూడు పూటల్లో మూడు పొరలు పోసిన మనిషికి, కింద పొర రాయిలా గట్టిపడే ఉంటుంది ప్రతిసారీ. దాని మీద కొబ్బరిపాల జిడ్డు ఒకటి. మరి జారకుండా ఎలా ఆపారు?

అది తేలకుండానే పండుగ ముందు రోజు వచ్చింది. ఇక ప్రయత్నాలకు రోజులు లేవు. పొద్దున ఆకుపచ్చ పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మా అమ్మాయి ల్యాబుకు వెళ్ళింది. ఇంట్లో చెయ్యడానికి ఏమీ లేదు, గడ్డకట్టేదాకా ఆగడం తప్ప. మాస్టరు గారికి సామాను ఇస్తానన్న మాట గుర్తొచ్చింది. మిషను మీద గళ్ళ గుడ్డ తీసి మడత పెట్టాను.

డ్రాయరు లాగితే ముందు నూనె వాసన వచ్చింది. కత్తెర, టేపు, అరిగిపోయిన సుద్దముక్కలు, బాబిన్లు, గుచ్చి ఉంచిన సూదులు. ఒక్కొక్కటీ తుడిచి గుడ్డ సంచిలో వేస్తున్నాను. చివర చక్రం తీశాను. తుడవబోతే గుడ్డకు పళ్ళు పట్టుకున్నాయి. వెలుతురులో పెట్టి చూస్తే ఆ పళ్ళ సందుల్లో ఏదో ఎండిపోయి ఉంది. లేత రంగుది, గాజు పెంకులా మెరుస్తోంది. సుద్ద అయితే గోటితో రాలిపోవాలి. రాల్లేదు. నూనె మడ్డి అయితే నల్లగా ఉండాలి. లేదు.

కొత్తతనికి మురికి వస్తువు ఇవ్వడం ఎందుకని గిన్నెలో వేడి నీళ్ళు తెచ్చి చక్రం ముంచి పెట్టాను. కాసేపటికి ఆ పెంకు మెత్తబడింది. ఉబ్బింది. వేలితో తీస్తే జిగురుగా సాగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి గోనెసంచి వాసన, దాని వెనక సన్నగా కొబ్బరి.

నేను ఆ గిన్నె ముందు అలా కూర్చుండిపోయాను. నా చక్రం ఏదీ, అని ఏడాదికి ఒక్క రోజే అడిగేవారు. మిగతా రోజుల్లో ఇంట్లో కుట్టుకునేటప్పుడు దాని అవసరమే పడేది కాదు, ఎప్పుడూ అడగలేదు. ఆ ఒక్క రోజే దాన్ని వంటింట్లో వెతికేవారు. ఎందుకంటే పోయినేడు అక్కడే పెట్టుకున్నారు. ఆయన దాన్ని ఎక్కడ పడితే అక్కడ వదిలేయలేదు. దాని చోట్లో దాన్ని పెట్టారు. మిషను సామాను కదా అని కడగకుండా తెచ్చి డ్రాయర్లో పడేసింది నేను. కడిగి ఉంటే ఇవాళ ఇది కనబడేది కాదు.

కుట్టు వెయ్యడం మర్చిపోయావా అని నవ్వారు కదా వాళ్ళు. ఆయన నిజంగానే కుట్టు వేశారు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

ఫ్రిజ్‌లోంచి ట్రే తీశాను. చక్రం మరిగే నీళ్ళతో కడిగి, ఆకుపచ్చ మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు దొర్లించాను. చిన్న చిన్న చుక్కలు, వరసగా. గట్టిగా నొక్కితే చీలుతోంది, తేలిగ్గా పోతే గుర్తు పడట్లేదు. చెయ్యి ఎంత బరువుగా పెట్టాలో తెలియడానికి కొంత సమయం పట్టింది. పక్కనే ఇంకో వరస, దాని పక్కన ఇంకోటి. తర్వాత అడ్డంగా. నా వరసలు వంకరగానే వచ్చాయి, స్కేలు పెళ్ళాన్ని గానీ స్కేలును కాదు కదా. ట్రేకు ఒక మూల సొట్ట ఉంది, అక్కడ చక్రం తిరగలేదు. అలాగే వదిలేశాను. చల్లారిన కొబ్బరిపాలు గరిటె మీదుగా మెల్లగా పోస్తుంటే, ఆ చుక్కలన్నీ ఒక్కొక్కటిగా తెల్లబడుతూ నిండాయి. తలుపు వేసుకుని ఆయన ఏటా చూసింది ఇదే కాబోలు అనుకున్నాను. నాకైతే ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది.

మధ్యాహ్నం దాటి తెలుపు మీద కూడా చక్రం తిప్పాను. సాయంత్రానికి ఎరుపు పోశాను.

మా అమ్మాయి వచ్చి ఫ్రిజ్ ముందు నిలబడింది. "అమ్మా, మూల చిన్న ముక్క కోసి చూద్దామా? నిలబడుతుందో లేదో తెలుస్తుంది."

"జెండా మూల కోస్తారటే ఎవరైనా?"

"అక్కడికెళ్ళాక జారిపోతే?"

"జారితే అక్కడే జారనీ. ఆయనదీ అక్కడే జారింది."

అన్నాను గానీ, రాత్రి రెండుసార్లు లేచి ఫ్రిజ్ తలుపు తీసి చూశాను.

పొద్దున ట్రేకు ఒక చివర నేను, ఒక చివర అక్కయ్య. సంచి మా అమ్మాయి భుజాన. "ఎంత బరువుందే, రాళ్ళు వేశావా?" అని అక్కయ్య దారంతా గొణుగుతూనే ఉంది. షెడ్డు వాకిట్లో కర్ర పాతి ఉంది. అందరూ ఉతికిన బట్టల్లో వరసగా నిలబడ్డారు. చాలావరకు నేనెప్పుడూ చూడని ముఖాలు, అయినా అన్నీ తెలిసినట్టే అనిపించాయి, ఇంట్లో ఆయన చెప్పిన ముక్కల్లోంచి. ఆ వారగా బల్ల మీద బేకరీ అట్టపెట్టె ఒకటి ఉంది, దారం కట్టి.

మాస్టరు గారు నా చూపు గమనించారు. "ఎందుకైనా మంచిదని అమ్మా... మరోలా అనుకోకు" అన్నారు.

నేనేమీ అనుకోలేదు. నిజానికి ఆయన స్థానంలో నేనున్నా తెప్పించేదాన్నే.

జెండా ఎగిరింది. గాలి కాస్త ఉంది కాబట్టి ముందూ వెనకా రెండూ కనబడ్డాయి. తర్వాత అందరూ బల్ల చుట్టూ మూగారు. తువ్వాలు తీశాను. మాస్టరు గారు కత్తి తీసుకుని నడుమ నుంచి పెద్ద ముక్క కోశారు. అట్లకాడ కింద దూర్చి లేపారు. మా అమ్మాయి నా మోచేయి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియలేదు, తర్వాత చూస్తే వేళ్ళ గుర్తులు పడి ఉన్నాయి.

ముక్క లేచింది. ఊగింది. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. ఊగడం ఆగింది.

మాస్టరు గారు ముందు వైపు చూసి, "వెనక" అన్నారు.

కొత్తగా చేరినతను పళ్ళెం తిప్పి పట్టుకున్నాడు. ముక్కను దాని మీదికి వాల్చి, మళ్ళీ లేపి, అటువైపు అందరికీ చూపించారు. రెండు వైపులా ఒకటే. ఎవరో "స్కేలు" అన్నారు, అంతే, ఇంకేమీ కలపకుండా. పక్కన ఇంకొకరు ఆ మాటే అన్నారు.

ఆ తర్వాత పళ్ళేలు నాలుగు వైపుల నుంచి వచ్చాయి. సొట్ట ఉన్న మూల ముక్క గుండీలక్కయ్యకు వెళ్ళింది. ఆవిడ చెంచా పెట్టగానే ఎరుపు జారి చీర మీద పడింది.

"ఇదిగో, ఈ మూల కుట్టు వదిలేశావే!" అని అరిచింది. షెడ్డంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. చాలా రోజులకు అంత గట్టిగా నవ్వి ఉంటాను, మా అమ్మాయి నావైపు తిరిగి చూసింది. కేకు పెట్టె దారం ఎవరూ విప్పలేదు. చివర్లో కాపలా అతను ఇంటికి పట్టుకెళ్ళాడు.

వచ్చేముందు సంచి మాస్టరు గారికిచ్చాను. ఆయన బల్ల మీద ఒక్కొక్కటీ తీసి కొత్తతనికి అందించారు. కత్తెర పదును వేలితో చూసుకుని అతను నాకు దణ్ణం పెట్టాడు. మాస్టరు గారు సంచి తిరగేసి దులిపారు.

"చక్రం లేదేమ్మా? ఉండాలే, మంచి పాత చక్రం."

"ఉంది. అది ఇవ్వలేను మాస్టరు గారూ. అది కుట్టు సామాను కాదు, మా వంటింటిది."

ఆయనకు అర్థం కాలేదు. అయినా తల ఊపి, "నీ ఇష్టం అమ్మా" అన్నారు. కొత్తతనికి షెడ్డులో ఇంకోటి వెతికి ఇస్తామన్నారు.

దారిలో ఖాళీ ట్రే చంకలో పెట్టుకుని అక్కయ్య నన్ను వదల్లేదు. "చెల్లీ, నిజం చెప్పు. మొన్న నా కళ్ళ ముందే సర్రున జారింది. ఇవాళెలా నిలబెట్టావు?"

"పొట్లం వెనక రాసుందిగా అక్కయ్యా" అన్నాను.